వరాళి కోసం ఒక మైకు

కర్ణాటక సంగీతంలో వరాళి రాగం గురువు శిష్యుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పకూడదంటారు. చెబితే ఇద్దరికీ పడదట, మాటలు పోతాయట, చివరికి విడిపోతారట. సంగీతం ఉన్న ఇళ్ళల్లో ఈ మాట విననివాళ్ళు ఉండరు. ఎవరైనా వాయిస్తుంటే విని పట్టుకోవాలి తప్ప పాఠంగా చెప్పించుకోకూడదు. మా మామ్మగారు ఇది గట్టిగా నమ్మేవారు. 2003లో నేను ఒక చిన్న మైకు కోసం అమలాపురం, కాకినాడ, రామచంద్రపురం అని మూడు నెలలకి పైగా తిరిగింది అందుకే.

మామ్మగారంటే మా సొంత మామ్మ కాదండి, వీణ చెప్పిన ఆవిడ, ఊరందరికీ మామ్మగారే. మాది ముక్తేశ్వరం. ఆవిడది గోదావరి పాయ గౌతమికి అవతల, కోటిపల్లి రేవు దాటి ద్రాక్షారామం వెళ్ళే దారిలో ఒక పల్లె. నేను అప్పుడు అమలాపురంలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఆదివారం వస్తే పొద్దున్నే చద్దన్నం తినేసి ఏరు దాటించే పంటు ఎక్కేదాన్ని, సైకిళ్ళు, పాల క్యాన్లు, అరటి గెలలు, మోటారు సైకిళ్ళు, ఒక్కోసారి పెళ్ళివారి కారు కూడా, అన్నీ ఆ పంటు మీదే, ఇంజను డబడబలాడుతుంటే అరికాళ్ళ కింద చెక్క అదిరేది. అవతల దిగి సోమేశ్వరస్వామికి రోడ్డు మీంచే దణ్ణం పెట్టుకుని ఆటో ఎక్కితే మామ్మగారి మండువా ఇల్లు. లోపల నాలుగు వైపులా వసారా, మధ్యలో ఆకాశం. తూర్పు వసారాలో చాప వేసుకుని ఆవిడ వాళ్ళ నాన్నగారు కొనిచ్చిన బొబ్బిలి వీణ ముందు కూర్చునేవారు. ఒకే పనస మొద్దులోంచి తొలిచిన వీణ అది, గుండ్రటి కుండా, పొడుగాటి దండీ వేరు వేరు ముక్కలు కాదు, ముట్టుకుంటే కుండ మీద చెక్క చిన్నపిల్లల బుగ్గలా నున్నగా ఉండేది.

ద్రాక్షారామం అంటే పెద్ద వీణ విద్వాంసులు ఈమని శంకరశాస్త్రి గారు పుట్టిన ఊరు, 1922లో. మామ్మగారి నోట ఆయన పేరొస్తే చేతులు వాటంతటవే జోడింపబడేవి. ఆవిడ మాత్రం ఎక్కడా కచేరీ చెయ్యలేదు, రేడియోలో వాయించలేదు, వాళ్ళ నాన్నగారి దగ్గర నేర్చుకున్నది మాలాంటి ఓ పదిమందికి చెప్పారు, అంతే. కానీ తానం, అదే తాళం లేకుండా లయతో రాగాన్ని విస్తరించే వాయింపు, మొదలెడితే పక్కింటివాళ్ళు గిన్నెలు తోమడం ఆపేసేవారు, అది నా కళ్ళారా చూశాను. ఘనరాగాలు అయిదు కదా, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. వీణ మీద ఈ అయిదింటి తానం వరసగా వాయించడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. నాకు నాట చెప్పారు, గౌళ చెప్పారు, ఆరభి చెప్పారు. వరాళి వచ్చేసరికి వీణ మీద గుడ్డ కప్పేసి లేచిపోయారు. తర్వాత వారం వచ్చి చూస్తే నేరుగా శ్రీరాగం.

"మరి వరాళో మామ్మగారూ?" అని అడిగితే "నాకూ నువ్వు కావాలే, ఈ వయసులో నీతో తగువు దేనికి నాకు" అన్నారు. "నేను వాయించుకుంటుంటే ఎప్పుడైనా విను" అన్నారు గానీ, ఆదివారం గంటన్నర ఉండేదాన్ని, రెండుసార్లు విన్నాను, అంతలో ఏం పట్టుకుంటాను. వరాళిలో మధ్యమం, అంటే మ, రెండు మధ్యమాల్లో పైదైన మామూలు ప్రతి మధ్యమం కంటే ఇంకా పైకి వెళ్ళి పంచమాన్ని, అంటే ప ని, ఆనుకుని ఉంటుంది. ఆ ఆనుకోవడం ఎంత అన్నది రాసుకుంటే రాదు, వినాలి, పదిసార్లు కాదు, వందసార్లు వినాలి.

ఆ సంక్రాంతికి మా అక్కా బావగారూ మస్కట్ నుంచి వచ్చారు. మా వైపు ఇంటికొకరు గల్ఫులో ఉన్న రోజులు, వాళ్ళొచ్చారంటే సెంటు సీసాలూ, టైగర్ బామ్‌లూ, పాలపొడి డబ్బాలూ, వీధి వీధంతా పంచేవారు. బావగారు నాకోసం ఒక మినీడిస్క్ రికార్డరు తెచ్చారు. అరచేతిలో పట్టేంత ఉంది, వెండి రంగు. అందులో వేసే డిస్కు మన సీడీలా బయటికి కనపడదు, చిన్న ప్లాస్టిక్ గూటిలో ఉంటుంది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, పక్కన ఇనప రేకు తలుపు. లోపల డిస్కు 64 మిల్లీమీటర్లే, అయినా 74 నిమిషాలు పడుతుంది, మోనోలో చేసుకుంటే దానికి రెట్టింపు. సోనీ వాళ్ళు 1992లో మార్కెట్లోకి తెచ్చారు దీన్ని. లేజరు డిస్కు మీద ఒక చుక్కని వేడి చేస్తుంది, రెండో వైపు నుంచి అయస్కాంతం ఆ వేడి చుక్క మీద రాస్తుంది, చల్లారాక అది గట్టిగా నిలబడిపోతుంది, అందుకే ఎన్నిసార్లు చెరిపి రాసినా అరగదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. ఆ రోజు నాకు తెలిసింది ఒక్కటే, దీంట్లో రికార్డింగ్ అవుతుంది.

ఆ రాత్రే డాబా మీద కూర్చుని ఉపాయం తట్టింది. మామ్మగారు నాకు చెప్పకూడదు, సరే. ఈ డబ్బాకి చెప్పచ్చు కదా. డబ్బా నాకు చెబుతుంది.

ఆదివారం వెళ్ళి ఆ మాటే చెప్పాను, కాస్త భయపడుతూనే చెప్పాను, పెద్దావిడ ఏమనుకుంటారో అని. ఆవిడ డిస్కుని వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, చాలాసేపు ఏం మాట్లాడలేదు. ఆఖరికి "అయితే దానికీ నాకే పడదన్నమాట" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

తీరా ఇంటికొచ్చి చూస్తే దానికి మైకు లేదు. మా ఇంట్లో టూ ఇన్ వన్ టేప్ రికార్డరుకి ముందువైపు ఓ చిన్న చిల్లు ఉండేది, అదే మైకు, క్యాసెట్టు పెట్టి ఎర్ర బటనూ ప్లే బటనూ కలిపి నొక్కితే ఇంట్లో చప్పుళ్ళన్నీ ఎక్కేసేవి. ఇదీ అంతే అనుకున్నాను. కాదు, పక్కన మైక్ అని రాసి ఒక రంధ్రం ఉంది, దాంట్లో మనం తెచ్చి గుచ్చుకోవాలి. బావగారు అప్పటికే మస్కట్ వెళ్ళిపోయారు, ఫోన్ చేస్తే "అదో పెద్ద లెక్కేంటమ్మా, కంప్యూటర్ షాపులో దొరుకుతుంది" అన్నారు.

అమలాపురంలో కంప్యూటర్ మైకు దొరికింది, నిజమే. స్టాండు, మెడ వంచుకోవడానికి స్ప్రింగు గొట్టం, చివర చిన్న గుబ్బ. ఇంటికొచ్చి నా వీణ ముందు పెట్టి సరిగమలు వాయించి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఎడమ చెవిలోనే వస్తోంది, కుడి చెవి చెవిటిదైనట్టు నిశ్శబ్దం. పైగా వీణ డబ్బాలో పెట్టి మూత బిగించినట్టుంది. షాపులో అడిగితే అది మాట్లాడుకోడానికేనమ్మా, పాటలకి కాదు అన్నారు, వెనక్కి మాత్రం తీసుకోలేదు. ఎందుకు ఒక చెవిలోనే వస్తోందో వాళ్ళకి తెలీదు, నాకూ తెలీదు.

మా వీధి చివర పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ మైకు సెట్టు కట్టే ఆయన ఉండేవారు, మా నాన్నకి స్నేహితుడు. ఆయన పెట్టె తెరిచి అహూజా మైకు ఒకటి తీసిచ్చారు, గద లాగా బరువు, జల్లెడలాంటి మూత. దాని పిన్ను నా వేలంత లావు, నా రంధ్రమేమో 3.5 మిల్లీమీటర్లు. మధ్యలో పెట్టే పిన్ను కూడా ఆయనే వెతికి ఇచ్చారు, పాపం. వీణకి మూరెడు దూరంలో పెడితే ఏమీ ఎక్కలేదు, లోగొంతుతో ఎక్కడో పక్క ఊళ్ళో వాయిస్తున్నట్టుంది. ఇది నోటికి ఆనించుకుని మాట్లాడే మైకమ్మా, దీంట్లో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి, గాలి గట్టిగా కొడితేనే కదులుతుంది అని ఆయనే చెప్పారు. వీణ గట్టిగా కొట్టదు కదా. మీటాక ఆ తీగె లాగితే వచ్చే గమకం, అది మెల్లగా సన్నబడి సన్నబడి పోయే తోక, నాకు కావాల్సింది అదే.

కాకినాడ మెయిన్ రోడ్డు మీద ఒక రోజంతా తిరిగాను. ఒక పెద్ద షాపులో వీణకి అంటించే కాంటాక్ట్ మైకు గురించి చెప్పారు, కచేరీల్లో అంటిస్తారే, అది. దానికి వేరే ఆంప్లిఫయరు కావాలన్నారు, రేటు వినగానే బయటికొచ్చేశాను. అయినా మామ్మగారి వీణకి ఏదో అంటిస్తానంటే ఒప్పుకుంటారా, పొద్దున్నే ఆ వీణకి బొట్టు పెట్టందే ముట్టుకోరు ఆవిడ.

ఏప్రిల్ నెలలో రామచంద్రపురంలో దారి దొరికింది. బస్టాండుకి కాస్త దూరంలో సందులో ఒక రేడియో మెకానిక్ గారు ఉండేవారు, ముసలాయన, షాపంటే నాలుగు అడుగుల గది, గోడ నిండా చచ్చిపోయిన రేడియోలు. మా మేనత్త ఆయన దగ్గరే తన రేడియో బాగుచేయించుకునేది, విజయవాడ కేంద్రం పొద్దున్న భక్తిరంజని రాకపోతే ఆవిడకి తెల్లారదు. ఆయన నా రికార్డరుని చూసి ముందు చేతులు లుంగీకి తుడుచుకున్నారు. అది నాకు చాలా నచ్చింది. తర్వాత ఒక పిన్ను ఆ మైకు రంధ్రంలో గుచ్చి మీటరు తీగెలు రెండూ దానికి ఆనించారు, ముల్లు కదిలింది, రెండు వోల్టులకి కాస్త అటూ ఇటూగా.

"ఆయ్, చూశారాండి అమ్మాయిగారూ, ఇది చెయ్యి చాపి అడుగుతోందండి" అన్నారు. "కరెంటు నేనిస్తాను, నువ్వు మైకు పెట్టు అంటోంది. మీరేమో కరెంటు అక్కర్లేని మైకు పట్టుకొచ్చి పెట్టేరు. పలకదండి మరి."

అప్పుడు చెప్పారు నాకు. పాత టూ ఇన్ వన్ ఒకటి విప్పి లోపల్నుంచి చొక్కా గుండీ అంత ముక్క తీసి నా అరచేతిలో పెట్టారు. వెండి రంగు గుండీ, ఒక పక్క నల్ల గుడ్డ అతికించి ఉంది, రెండో పక్క రెండు చుక్కల సోల్డరు. కండెన్సర్ మైకండి ఇది అన్నారు, పల్చటి పొర ఒకటి ఉంటుంది, దాంట్లో కరెంటు ఛార్జి ముందే పట్టేసి ఉంటుంది, చీమ తుమ్మినా ఆ పొర కదులుతుంది, కానీ ఆ కదలిక బయటికి రావాలంటే పక్కనున్న బుల్లి ట్రాన్సిస్టరుకి ఒకటో రెండో వోల్టులు ఇవ్వాలి. మీ డబ్బా ఇస్తోంది కదండి, ఇంకేం అన్నారు. ఎలక్ట్రెట్ అంటారు దీన్ని, 1962లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ అని ఇద్దరు కనిపెట్టారని చాలా ఏళ్ళకి చదివాను. చదవగానే నాకు గుర్తొచ్చింది మాత్రం రామచంద్రపురం సందులో ఆ అరచేతిలో గుండీయే.

ఎడమ చెవి రహస్యం కూడా ఆయనే విప్పారు. పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టమన్నారు. ఒక గీతుంటే ఒక చెవి, రెండు గీతలుంటే రెండు చెవులు. నా కంప్యూటర్ మైకుది ఒకటే గీత, రికార్డరు రంధ్రం రెండు గీతల పిన్ను కోసం చేసింది, కుడివైపు వాటా ఎర్తుకి కలిసిపోయి ఊరుకుంటోంది. ఇంత చిన్న సంగతి కోసం రెండు నెలలు, ఎవరైనా ముందే చెప్పుంటే అనిపించింది.

వారం తర్వాత రమ్మన్నారు, ఆగలేక అయిదో రోజే వెళ్ళాను. నా ఎదురుగానే చేశారు. కొత్త గుండీలు రెండు, ఒక్కోటి పది రూపాయలు కూడా లేదు. రెండు రెనాల్డ్స్ పెన్ను మూతలు, నీలం రంగువి, చివర్లు బ్లేడుతో కోసి గుండీలు వాటిల్లో కూర్చోబెట్టారు, వెనక నుంచి షీల్డు వైరు. సోల్డరింగ్ ఐరన్ ముక్కు తగలగానే రాళ్ళ ఉప్పంత సీసం కరిగి మెరిసి చుట్టుకునేది, సన్నగా పొగ లేచేది, గుగ్గిలం వాసన, ఆ వాసన నాకిప్పటికీ ఇష్టం. ఎక్కువసేపు ఆనిస్తే లోపల పొర కాలిపోతుందండి అని ఊపిరి బిగబట్టి ఒక్క క్షణం తాకించి తీసేసేవారు. చిన్నపిల్లల చెక్క స్కేలు ఒకటి తీసుకుని ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి కట్టారు. మనిషి చెవులకి మధ్య ఎంత దూరమో అంత ఉండాలండి అని నా తల పక్కన స్కేలు పెట్టి కొలిచి మరీ జరిపారు. చివరికి పాత వాక్‌మన్ హెడ్‌ఫోన్స్‌కి ఉండే నల్ల స్పాంజి తొడుగులు రెండూ వాటికి తొడిగారు, గాలికి బుస్సుమనకుండా. మొత్తం డెబ్భై రూపాయలు తీసుకున్నారు, అరవై చాలన్నారు గానీ నేనే ఇచ్చాను.

మే నెల. మామ్మగారింట్లో మొదటి రికార్డింగ్. ముందు ఫ్యాను ఆపాం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే ఇంకా ఏదో జుమ్మంటోంది, వెతికితే ట్యూబ్‌లైటు చోకు. అదీ ఆపాం. ఇంకా సన్నగా ఉంది, పక్కింటి ఫ్రిజ్జు. ఇంక కాదని కరెంటు పోయేదాకా ఆగాం. ఎండాకాలం కదా, పదకొండింటికి పోతుందని అందరికీ తెలుసు, గడియారం చూసుకుని కూర్చున్నాం, టంచనుగా పోయింది. ఆ నిమిషంలో ఊరు ఎంత నిశ్శబ్దమైపోయిందో చెప్పలేను. కొబ్బరాకుల గలగల, ఉడత అరుపు, ఎక్కడో కొబ్బరి దింపు వాళ్ళు కాయలు కిందకి వదులుతుంటే ధన్, ధన్ అని, అంతే.

రికార్డరుని చాప మీద పెడితే దాని మోటారు అదురు మైకుకి తెలిసిపోతోంది, అందుకని తువ్వాలు నాలుగు మడతలు పెట్టి దాని మీద పెట్టాను, మైకు స్కేలు మాత్రం పుస్తకాల దొంతర మీద, వీణ కుండకి జానెడున్నర ఎదురుగా. ఇంకో సంగతి కూడా ఇంటి దగ్గరే కనిపెట్టాను. రికార్డరుని దానంతట దానికి వదిలేస్తే చిన్న శబ్దం వచ్చినప్పుడు తనే పెంచేస్తుంది, తీగె నాదం సన్నబడుతుంటే వెనక బుస్స్‌మనే చప్పుడు పెరిగిపోతుంది. మనమే స్థాయి పెట్టి వదిలెయ్యాలి. దానికి రికార్డింగ్ మొదలెట్టే ముందే పాజ్‌లో ఉంచి సరిచేసుకోవాలి, ఒకసారి మొదలయ్యాక ముట్టుకోకూడదు. ఆపాక కూడా అద్దం మీద టీఓసీ అని ఆడుతున్నంతసేపు కదపకూడదు, ఏ పాట ఎక్కడుందో పట్టిక రాసుకుంటుంది అప్పుడు, మధ్యలో బ్యాటరీ ఊడిందా, వాయించిందంతా గల్లంతే. నా సొంత వాయింపు ఒకటి అలాగే పోయింది, అందుకే భయం.

మామ్మగారు కళ్ళు మూసుకుని నలభై నిమిషాలు వాయించారు. నేను ఊపిరి కూడా మెల్లగా పీల్చుకున్నాను. మధ్యలో దొడ్లో కొబ్బరి మట్ట ఒకటి ధబ్బున పడింది, ఆవిడ కన్ను తెరవలేదు.

అయ్యాక ఆవిడకి ఇయర్‌ఫోన్స్ పెట్టాను. డెబ్భై రెండేళ్ళ మనిషి, తన వీణ తను బయటినుంచి ఎప్పుడూ వినలేదు. మొదలవ్వగానే ఉలిక్కిపడి ఎడమవైపు తిరిగి చూశారు, అక్కడెవరో వాయిస్తున్నారేమో అన్నట్టు. "ఇదేమిటే, అనుమంద్రం తీగె ఇటు పలుకుతోంది" అన్నారు. తర్వాత మొహం మెల్లగా మారింది. చెయ్యి ఎత్తి ఆపమన్నారు. మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ ఆపమన్నారు. వీణ దగ్గరికి జరిగి మధ్యమం మెట్టు మీద వేలు పెట్టి చూసి, దానికింద మైనం గోరుతో నొక్కారు. గోరు దిగింది.

ఎండలకి మెట్లని పట్టి ఉంచే మైనం మెత్తబడి ఆ మెట్టు వెంట్రుకవాసి జరిగింది. జరిగినా ఆవిడ వేలు తీగెని అంత మేరకి లాగి సర్దుకుంటూ వస్తోంది రోజూ, తెలియకుండానే. చాలాచోట్ల సరిపోయింది, నాలుగైదు చోట్ల సరిపోలేదు. నాకైతే ఒక్కచోట కూడా తెలియలేదు.

"చెరిపెయ్" అన్నారు.

నేను బతిమాలాను. ఎవరికీ తెలియదు మామ్మగారూ, ఎంత బావుందో అన్నాను. "నీకు తెలీదు, అందుకే చెరిపెయ్. నువ్వు దీన్ని వందసార్లు వింటానన్నావు. ఆ తప్పు వందసార్లు నీ చెవిలోకి పోతుంది. రేపు నీ వేలు ఆ తప్పే వాయిస్తుంది." క్యాసెట్టయితే పోనీ ఇంకో క్యాసెట్టు చేద్దాం, ఇది ఉంచుకుంటాను అనచ్చు. ఆవిడ ఎదురుగా కూర్చుని చూస్తున్నారు. ఎరేజ్ అని వచ్చింది అద్దం మీద, నిజంగానేనా అన్నట్టు ఆడుతోంది, నొక్కేశాను. నలభై నిమిషాలు ఒక్క రెప్పపాటులో పోయాయి. ఇంటికొచ్చేటప్పుడు పంటు మీద ఏడ్చాను, ఇది ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ. కానీ ఇప్పుడు నేను పిల్లలకి చెబుతున్నాను కదా, ఆవిడ మాటే సరైనదని నాకు రోజూ తెలుస్తోంది.

మెట్లు మళ్ళీ మైనంలో కూర్చోబెట్టడానికి మనిషి ఆషాఢంలో గానీ రాలేదు. అన్నీ సరిపోయి ఆదివారం పెట్టుకుందామనుకునేసరికి గోదావరి పుష్కరాలు, 2003 జూలై 30న మొదలయ్యాయి. పన్నెండు రోజులూ కోటిపల్లి రేవులో జనమే జనం, తప్పిపోయిన పిల్లల పేర్లూ, స్తోత్రాలూ, పోలీసు వాళ్ళ హెచ్చరికలూ, చెట్టుకో మైకు. మామ్మగారి మండువాలో కూర్చున్నా అన్నీ వినపడేవి. మేం కూడా స్నానాలు చేసి, వాళ్ళ నాన్నగారికి పిండప్రదానం చేయించి, ఊరుకున్నాం.

అది అయ్యాక శ్రావణంలో ఒక మధ్యాహ్నం. ఈసారి కరెంటు కోసం ఆగక్కర్లేదు, గాలివానకి పొద్దున్నే పోయింది. వాన తగ్గి చూరు నుంచి మండువాలో ఇత్తడి గంగాళంలోకి చుక్కలు పడుతున్నాయి. గంగాళం తీసేస్తానన్నాను. "ఉండనీవే, వరుణుడు తాళం వేస్తున్నాడు" అన్నారు. యాభై రెండు నిమిషాలు వాయించారు. అయ్యాక మొత్తం విన్నారు, ఇయర్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టి "ఇది ఉంచు" అన్నారు. ఇంకేం అనలేదు.

ఆ డిస్కు ఇప్పటికీ ఉంది. నా రికార్డరులోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే కాపీ చేసుకోవడం కుదరదు, అక్కడ ప్లే చేస్తూ ఇక్కడ రికార్డు చేసుకోవాలి, యాభై రెండు నిమిషాలకి యాభై రెండు నిమిషాలూ కూర్చోవాలి. 2013లో సోనీ వాళ్ళు మినీడిస్క్ ప్లేయర్లు చెయ్యడం ఆపేస్తున్నారని పేపర్లో చూసి ఆ రోజే కూర్చుని ఎక్కించాను. రికార్డరు తర్వాత రెండేళ్ళకి తిరగడం మానేసింది. మైకు మాత్రం బాగానే ఉంది, స్పాంజిలు పొడి పొడి అయిపోతే మార్చాను అంతే, నీలం మూతలు అవే.

ఆ ఏడాది రాత్రిళ్ళు మా డాబా మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినడం, తెల్లారి వీణ మీద వెతుక్కోవడం, ఇదే పని. ఆదివారం వెళితే మామ్మగారు "ఆ డబ్బా నీకు ఎంతదాకా చెప్పింది?" అని అడిగేవారు. ఇంతదాకా అనేదాన్ని. "ఏదీ, వాయించు" అని, అనేసి మాత్రం ఎదురుగా కూర్చునేవారు కాదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయి తలుపు ఓరగా వేసుకునేవారు. నేను వసారాలో ఒక్కదాన్నే వాయించుకునేదాన్ని. ఎక్కడైనా తప్పితే లోపల్నుంచి ఒక దగ్గు వినపడేది. ఒక్కటే దగ్గు. అది చెప్పడం కాదు కదా, ముసలివాళ్ళకి దగ్గు వస్తుంది. నేను ఆగి మళ్ళీ అక్కణ్ణుంచి మొదలెట్టేదాన్ని. మధ్యమం దగ్గరే ఎక్కువ దగ్గులు. కార్తీకం వచ్చేసరికి తగ్గాయి, ఒక ఆదివారం ఆరు, తర్వాత నాలుగు.

మార్గశిరంలో, చలి మొదలైంది అప్పటికి, పంటు మీద శాలువా కప్పుకుని వెళ్ళాను. పెద్దగా మాటల్లేకుండానే వీణ ముందు కూర్చున్నాను, ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. మొదటినుంచి చివరిదాకా వాయించాను. వంటింట్లో గిన్నె చప్పుడు కూడా లేదు. ఆఖరి షడ్జం మీటి అది పూర్తిగా పోయేదాకా వేలు తియ్యకుండా ఉన్నాను. ఇంకా ఏమీ రాలేదు లోపల్నుంచి. కాసేపటికి తలుపు తీసుకుని రెండు గ్లాసుల కాఫీతో వచ్చి, నా పక్కన చాప మీద కూర్చుని, "మీ అమ్మకి నడుము నొప్పి ఎలా ఉందే ఇప్పుడు" అని అడిగారు.